చింగ్‌హావో అను చైనాదేశపు జ్వరౌషధి : దాని గుర్తులు, సాగు

వరికంకి గింజపట్టినదో తాలుపోయినదో రైతు చేతబట్టి చెప్పగలడు. ప్రత్తికాయ పగిలినపిమ్మట దూది పొడవును వ్రేళ్లతో లాగి తెలిసికొనగలడు. మందుమొక్కల విషయమున కన్నును చేయియు చాలవు. పచ్చగా ఏపుగా ఎదిగి ఘుమఘుమలాడుచున్న చేను సయితము, ఆకులో ఔషధసారము లేనిదైనచో, కొనువాడు లేక కల్లములోనే మిగిలిపోవును. చైనాదేశమున చింగ్‌హావో అని పిలువబడు మొక్క ఇట్టివానిలో ముఖ్యమైనది. చలిజ్వరమునకు నేడు లోకమంతట వాడబడు మందునకు మూలము దీని ఆకే. ఔషధపు సాగులోని లాభమును గూర్చి విని దీనియందు మనసుపెట్టు పట్టాదారులు, విత్తనమునకు రూకలిచ్చుటకు ముందుగా, ఈ మొక్క యెట్టిదో, ఏ దేశకాలములకు ఒప్పునో, ఎచ్చట మోసపోవుటకు వీలున్నదో తెలిసికొనవలెను. అందులకే ఈ పత్రము వ్రాయబడినది.

1. పూర్వవృత్తాంతము

చైనీయులు ఈ జాతి మొక్కను రెండువేల సంవత్సరములకు పైనుండి ఎరుగుదురు. హూనాన్ రాష్ట్రమున మావాంగ్‌దుయ్ అనుచోట, క్రీ. పూ. 168వ సంవత్సరమున మూయబడిన సమాధియందు, పట్టుగుడ్డపై వ్రాసిన వైద్యగ్రంథము దొరకినది. అందు చింగ్‌హావో మూలవ్యాధికి మందుగా చెప్పబడియున్నది. దానిని జ్వరమునకు వాడు విధమును క్రీ. శ. 4వ శతాబ్దమున గే హుంగ్ అను వైద్యుడు వ్రాసెను. గుప్పెడాకును నీటిలో నానవేసి, పిండి, ఆ రసమును త్రాగవలెనని అతని విధానము. కాచవలెనని అందు చెప్పబడలేదు.

ఈ చిన్న భేదమే పదునారు వందల యేండ్ల తరువాత గొప్ప ఫలము నిచ్చినది. వియత్నాము యుద్ధకాలమున సైనికులు చలిజ్వరముచే విశేషముగా బాధపడుచుండగా, చైనా ప్రభుత్వమువారు 1967 మే 23వ తేదీన క్రొత్తమందును వెదకుటకై ఒక పరిశోధనకార్యమును ఆరంభించిరి. అందు 1969లో చేరిన తూ యూయూ అను శాస్త్రజ్ఞురాలు పాతగ్రంథములను గాలించి, అనేక మూలికలను పరీక్షించెను. చింగ్‌హావో కషాయము మొదట నిలుకడయైన గుణము చూపలేదు. గే హుంగ్ వ్రాతను మరల చదివి, వేడిచేత సారము చెడుచున్నదేమో యని ఆమె ఊహించి, 35 డిగ్రీల వేడికే మరుగు ఈథరు ద్రవముతో సారమును తీసెను. 1971 అక్టోబరునందు ఆ సారము చలిజ్వరము సోకిన ఎలుకలయందు పూర్తిగా పనిచేసెను. 1972లో స్ఫటికరూపమున శుద్ధద్రవ్యము వేరుచేయబడినది. దానికే ఆర్టిమిసినిన్ అని పేరు. ఇందులకై 2015లో తూ యూయూకు నోబెల్ బహుమానము లభించినది.

చలిజ్వరము మన సీమకు క్రొత్తది కాదు. జ్వరకారకమైన సూక్ష్మజీవి దోమకడుపులో పెరుగునని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20వ తేదీన కనుగొన్నది సికింద్రాబాదునందే. ఆ కాలమున క్వినైనాయే మందు. దానికై నీలగిరులలో సింకోనా చెట్లను పెంచిరి. తరువాత క్లోరోక్విన్ వచ్చినది. కొంతకాలమునకు అనేక దేశములలో ఆ మందునకు జ్వరము లొంగకపోగా, ఆర్టిమిసినిన్ జాతి మందును మరియొక మందుతో గూర్చి యీయవలసినదని 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారు సలహా యిచ్చిరి. అప్పటినుండి ఈ మొక్కకు అంగడి యేర్పడినది.

2. మొక్కను గుర్తించు విధము

శాస్త్రమున దీనిపేరు ఆర్టిమీసియా ఆన్యువా. మన మాచిపత్రియు దవనమును ఈ కుటుంబములోనివే. ఇది ఏకవార్షికము, అనగా ఒక్క యేడాదిలోనే మొలిచి, పూచి, విత్తనము రాల్చి చచ్చునది. చైనాలో నదీతీరములందును బీళ్లయందును దారులప్రక్కలను తనంతట మొలచును. చుంగ్‌చింగ్ ప్రాంతమునందలి యోయాంగ్ తాలూకా దీనికి మిక్కిలి ప్రసిద్ధము.

కాండము: నిటారుగా నుండును. నిలువు గాడులు గలిగి, లేతప్రాయమున పచ్చగాను ముదిరినపుడు గోధుమ లేక ఊదా చాయగాను ఉండును. నూగు ఉండదనియే చెప్పవచ్చును. సాగుచేసిన నేలలో మనిషి యెత్తును మించి పెరుగును. కొమ్మలు విరివిగా వచ్చి, మొక్క దేవదారువలె క్రింద వెడల్పుగాను పైకి సన్నముగాను కనబడును.

ఆకు: రెండు మూడు విడుతలుగా చీలి, కొత్తిమీరకన్నను సన్నని తునుకలుగా నుండును. రెండువైపులను పచ్చనిదే.

వాసన: ఆకును వ్రేళ్లనడుమ నలిపినచో కర్పూరమును బోలిన ఘాటైన తీపివాసన వచ్చును. రుచి మిక్కిలి చేదు.

పూవు: ఆవగింజంతటి గుండ్రని పసుపుపచ్చ మొగ్గలు, రెండు మిల్లీమీటర్ల మేరగలవి, సన్నని కాడలనుండి తలవంచుకొని వేలకొలదిగా వ్రేలాడును. రేకుల సోయగ మేమియు లేదు.

విత్తనము: ధూళివలె సూక్ష్మము. ఒక గ్రాములో పదివేలకు మించి గింజలుండును.

ఔషధసారము ఆకుపైనను మొగ్గలపైనను గల అతిసూక్ష్మములగు గ్రంథులలో చేరియుండును. కాండమున బహుస్వల్పము. వేరున లేనేలేదు.

3. దీనిని పోలిన మొక్కలు

మొదటిది చైనాలోనే యున్న జ్ఞాతి. చింగ్‌హావో అను పేరుతో పూర్వము రెండు మొక్కలు వాడుకలో నుండెడివి. రెండవదాని శాస్త్రనామము ఆర్టిమీసియా ఏపియేసియా. దాని పూమొగ్గలు ఇంచుమించు రెట్టింపు పెద్దవి, అందు జ్వరమును మాన్పు సారము గణింపదగినంత లేదు. చైనా వృక్షశాస్త్రజ్ఞులు సారముగల మొక్కను హ్వాంగ్‌హ్వాహావో, అనగా పచ్చపూల హావో అందురు. వైద్యులును వ్యాపారులును అదే మొక్కను చింగ్‌హావో అందురు. కావున ఒట్టి పేరు చెప్పి అమ్ము విత్తనమును నమ్మరాదు. సంచిపై శాస్త్రనామము ఉండవలెను.

రెండవది మాచిపత్రి. వినాయకచవితి పత్రిలో వాడునది గాన దీనిని ఎరుగనివారు లేరు. దాని ఆకు వెడల్పైన తునుకలు గలిగి, అడుగుభాగము బూడిదపూసినట్లు తెల్లని నూగుతో నుండును. చింగ్‌హావో ఆకు అడుగున తెలుపు కనబడదు.

మూడవది దవనము. అది పొట్టిమొక్క, బూడిదచాయగలది. వాసన మృదువు. పూలదండలకును అత్తరునకును ఉపయోగించును గాని చలిజ్వరపు మందునకు పనికిరాదు.

నాలుగవది వయ్యారిభామ. కొందరు కాంగ్రెసుగడ్డి అందురు. 1955 ప్రాంతమున పూనాలో గుర్తింపబడి, తరువాత దేశమంతట ప్రాకిన అమెరికా కలుపుమొక్క యిది. లేతప్రాయమున దీని చీలుటాకు చింగ్‌హావోను బోలియుండుటచే నారుమడిలోను చాళ్లలోను భ్రమ గలుగును. అయితే వయ్యారిభామ మొదట నేలకంటి చక్రముగా ఆకువేయును, ఆకుపై నూగుండును, నలిపినచో కర్పూరపు వాసన రాదు, పూవు తెల్లనిది. దానిని తాకినవారిలో కొందరికి దద్దురులును ఉబ్బసమును గలుగును. ఎండుటాకులో అది కలసినచో సరకంతయు త్రోసివేయబడును. కావున చేనిలో తొలి కలుపుతీతనాడే దానిని ఏరి, పూయకముందే నాశనము చేయవలెను.

4. పగటి ప్రమాణము: ముఖ్యమైన చిక్కు

ఈ మొక్కకు నేల పెద్ద పేచీ కాదు. పగలే పేచీ. పగలు దీర్ఘముగా నున్నంతకాలము ఇది ఆకును పెంచుకొనును. పగలు కురుచ కాగానే పూతకు వచ్చును. అనేక రకములకు ఆ మేర సుమారు 13½ గంటలని పరీక్షలలో తేలినది, రకమునుబట్టి కొంత భేదముండును. యోయాంగ్ ప్రాంతమున వేసవిలో పగలు 14 గంటలదాక సాగును. అచ్చటి రైతులు వసంతమున నాటి, ఆగస్టు ప్రాంతమున కోయుదురు. అంతవరకు మొక్క నిలువెత్తు ఆకుతో నిండియుండును. లక్నోలో అతిదీర్ఘమైన పగలు 13 గంటల 50 నిమిషముల మేరకు ఉండును. హైదరాబాదులో 13 గంటల 10 నిమిషములు మించదు.

దీని భావమేమన, చైనా కొండసీమ విత్తనమును తెచ్చి మన మైదానములలో చల్లినచో, మొక్క జానెడో మూరెడో యెదుగకముందే పూతకు వచ్చి, ఆకు దిగుబడి లేక ముగియవచ్చును. తూర్పు ఆఫ్రికాలో భూమధ్యరేఖకు దాపున ఈ పంట పండుచున్నదనిన, అది ఆలస్యముగా పూచునట్లు ఏర్పరచిన సంకరజాతి విత్తనమువలనను, సముద్రమట్టమునకు వేయి మీటర్లకు పైబడిన చల్లని పీఠభూములవలనను. కావున విత్తనమమ్మువానిని రైతు మొదట అడుగవలసిన ప్రశ్న, “ఎంత దిగుబడి?” యని కాదు. “ఈ రకము ఏ అక్షాంశమున, ఏ ఋతువున పండినది? ఎప్పుడు పూచినది?” అని.

హిందూదేశమున ఈ పంటపై పనిచేసినది లక్నోలోని కేంద్రీయ ఔషధ సుగంధ సస్య సంస్థ. జీవనరక్ష, సిమ్-ఆరోగ్య అను రకములు వారు రూపొందించినవి. ఆ సంస్థకు హైదరాబాదునందును పరిశోధనకేంద్రము గలదు. అచ్చట విచారింపక విత్తనమునకు ధనము చెల్లింపరాదు.

5. విత్తనము, నారు

ఈ మొక్కలో పరపరాగసంపర్కము జరుగును. అనగా ఒక మొక్క పుప్పొడి మరియొక మొక్కకు చేరి విత్తనము కట్టును. అందుచే తన చేనినుండి తీసిన విత్తనము తల్లిమొక్కను పోలియుండునను నమ్మకము లేదు. ప్రతి పంటకును నమ్మకమైన చోటినుండి విత్తనము తెచ్చుకొనుట మేలు.

గింజకు మొలకెత్తుటకు వెలుతురు కావలెను. కావున మట్టి కప్పరాదు. నారుమడిని మెత్తగా దున్ని, చివికిన పెంట కలిపి, చదునుచేసి, విత్తనమును సన్నని యిసుకతో కలిపి పైపైన చల్లి, అరచేతితో మెల్లగా అదుమవలెను. నీటిని కుండతో పోసినచో గింజలన్నియు ఒకమూలకు కొట్టుకొనిపోవును. తుంపరగా చల్లవలెను. మొలకలు వచ్చువరకు మడిపై తడి ఆరనీయరాదు. నారు జానెడెత్తు కాకముందే, ఆరేడు వారములకు, నాటుటకు తగియుండును.

6. నేల, నాటుట, పోషణ

నీరు నిలువని నేల యేదైనను చాలును. ఎఱ్ఱచల్కలు, గరపనేలలు మేలు. వర్షకాలమున బురదకట్టు నల్లరేగడిలో వేరు కుళ్లును. వరిమడులు దీనికి తగవు. బావిక్రింది ఖుష్కినేల అనుకూలము.

రెండుమూడు సాళ్లు దున్ని, పెంటవేసి, చాళ్లు తీయవలెను. గుబురుగా పెరుగు సంకరజాతిని తూర్పు ఆఫ్రికాలో మీటరున కొకటిగా నాటుదురు. ఆ లెక్కన ఎకరమునకు నాలుగువేల మొక్కలు పట్టును. పొట్టిగా నుండు రకములను ఇంతకన్న దగ్గరగా నాటవచ్చును. మితిమీరి దగ్గర చేసినచో గాలివెలుతురులు లేక క్రిందియాకు ఎండి రాలును. నాటినవెంటనే ఒక తడియు, నాలుగైదు దినములకు మరియొక తడియు ఈయవలెను. మొక్కలు కలిసికొనువరకు, అనగా మొదటి రెండు నెలలు, కలుపు తీయుట ముఖ్యము. తరువాత నీడయే కలుపును అణచును.

పంట తీసినపిమ్మట ఆకుచెత్తను చేనిలో దట్టముగా కలియదున్నరాదు. ఇందలి సారము ఇతర విత్తనముల మొలకను అడ్డగించు స్వభావము గలది. విత్తనము రాలనిచ్చినను కీడే. మరుసటియేడు అదే కలుపై మొలచును.

7. కోత, ఎండబెట్టుట

మొక్క నిండుగా ఎదిగి, మొగ్గలు తొడుగుటకు సిద్ధమైన సమయమున సారము హెచ్చుగా నుండును. కొన్ని రకములకు పూతనాడును తగ్గదు. అయితే పూత ముదిరినకొలది ఆకు రాలిపోవును గాన, తొలిమొగ్గ కనబడగానే కోత మొదలిడుట సురక్షితము. వాన లేని దినమున, మంచు ఆరినపిమ్మట, మొదలంట కోయవలెను.

కోసిన మొక్కలను నేలమట్టి తగులకుండ పట్టాపై పరచి, వాడినపిమ్మట గాలివీచు కొట్టములో నీడన ఆరబెట్టవలెను. మంటవేడి తగులనీయరాదు. ఆకు పెళపెళలాడునపుడు కట్టెతో మెల్లగా కొట్టి రాల్చి, జల్లెడపట్టి, పుల్లలు ఏరివేయవలెను. పుల్ల కలిసినకొలది నూటికి సారము తగ్గును, ధరయు తగ్గును. కొట్టువారు ముక్కునకు నోటికి గుడ్డ కట్టుకొనవలెను. ఆ ధూళియు పుప్పొడియు కొందరికి పడవు. ఆకును పొడిగోనెలలో నింపి, చెమ్మలేని చీకటిగదిలో నుంచి, ఆలస్యము చేయక అమ్మవలెను. నిలువయుంచినకొలది సారము క్షీణించును.

8. లెక్కయు బేరమును

ఒక యెకరమున 600 కిలోల ఎండుటాకు వచ్చినదనుకొందము. ఆకులో నూటికి 1 వంతు సారమున్నచో, మొత్తము సారము 6 కిలోలు. నూటికి పదవవంతే యున్నచో, 600 గ్రాములు. దున్నినది అంతే, కూలి అంతే, నీరు అంతే, గోనెలు అన్నియే. కంటికి రెండు చేలును ఒక్కటే. రాబడిమాత్రము పదింతలు భేదము. అడవిమొక్కలలో సారము నూటికి 1 వంతులో నూరవభాగమే యుండుటయు గలదు. ఏర్చి పెంచిన రకములలో 1 వంతు మించుటయు గలదు. అందుచేతనే విత్తనపు పుట్టుకను విచారింపవలెనని పదేపదే చెప్పుచున్నాము.

రెండవ చిక్కు ధర. మందునకు గిరాకి హెచ్చిన 2004, 2005 సంవత్సరములలో ఆర్టిమిసినిన్ కిలో వేయి డాలర్లు దాటినది. అది చూచి చైనా, వియత్నాము, తూర్పు ఆఫ్రికా దేశముల రైతులు విస్తారముగా నాటిరి. 2007 నాటికి ధర 200 డాలర్ల ప్రాంతమునకు పడిపోయి, అనేకులు పంట మానుకొనిరి. సాగు తగ్గగా 2011 ప్రాంతమున మరల ధర పెరిగినది, మరల పడినది. 2013లో ఇటలీదేశమున ఈస్టుసహాయముతో ఈ సారమును కార్ఖానాలోనే చేయుట వ్యాపారముగా ఆరంభమైనది. ఐనను మొక్కయే నేటికిని ప్రధానమైన ఆధారము. ధర పెరిగినదని విని నాటినవాడు, పంట చేతికి వచ్చునప్పటికి ధర పడియుండుట ఈ సరకు స్వభావము.

మూడవది, కొనువారు కొలదిమంది. జొన్నలు అమ్ముడుపోకున్న ఇంట తినవచ్చును. ఈ ఆకును పశువు సయితము ముట్టదు. కావున విత్తుటకు ముందే కొనువానితో ఒడంబడిక వ్రాయించుకొనవలెను. అందు ఈ విషయములు స్పష్టముగా నుండవలెను: విత్తనము ఎవరిది, ఎంత సారమునకు కిలో యెంత ధర, సారమును ఎవరు, ఎచ్చట పరీక్షింతురు, పరీక్షపై తగవు వచ్చినచో రెండవ పరీక్ష ఎవరిది, బండికూలి ఎవరిది, ఎన్నిదినములలో రొక్కము. ఒడంబడిక రైతు చదువగల భాషలో ఉండవలెను. కచేరీలో ఏండ్లతరబడి తర్జుమా పనిచేసిన ఈ వ్రాతగాడు, తెలియని భాషలోని కాగితముపై వ్రేలిముద్రవేసి, అందేమున్నదని తరువాత అడుగవచ్చినవారిని పలువురను చూచియున్నాడు. అప్పుడు తర్జుమా చేసి చెప్పుటవలన కాగితము మారదు.

9. ఇంటివైద్యము కూడదు

చేనిలో జ్వరపుమందు పెరుగుచుండగా, ఇంట జ్వరము వచ్చినపుడు నాలుగాకులు కాచి త్రాగుద మను ఊహ పుట్టుట సహజము. ఇది అపాయకరము. ఏ ఆకులో ఎంత సారమున్నదో నాలుకకు తెలియదు. చేదు అనినంతమాత్రమున మందు ఉన్నట్లు కాదు. వేడిచేత సారము చెడునని పైన చెప్పితిమి. చాలని మోతాదు పుచ్చుకొన్నచో జ్వరము తగ్గినట్లు తోచి మరల తిరుగబెట్టును. పిల్లలయందు ఆ కాలహరణమే ప్రాణహాని కావచ్చును. ఇంతేగాక, అరకొర మోతాదునకు చావక మిగిలిన సూక్ష్మజీవులు మందునకు లొంగనివై వ్యాపించును. క్లోరోక్విన్‌కు పట్టిన గతి దీనికిని పట్టును. అందుచే ఆకుపొడి, కషాయము మొదలగువానిని చలిజ్వరమునకు వాడుటను ప్రపంచ ఆరోగ్య సంస్థవారు సమర్థింపకున్నారు. ఆర్టిమిసినిన్ మందును సయితము ఒంటిగా గాక మరియొక మందుతో జతగానే ఈయవలెనని వారి నియమము. జ్వరము వచ్చినవారు రక్తపరీక్ష చేయించుకొని, వైద్యుడు చెప్పిన మాత్రలను చెప్పిన దినములన్నియు పూర్తిగా వాడవలెను.

10. సారాంశము

శాస్త్రనామము చూడక విత్తనము కొనరాదు. మన పగటి ప్రమాణమునకు ఒప్పిన రకమని ఋజువు లేక నాటరాదు. వ్రాతమూలక మగు ఒడంబడిక లేక ఎకరములు దున్నరాదు. మొదటియేట రెండు మూడు గుంటలలో మాత్రమే వేసి, మొక్క యెన్నడు పూచినదో, ఎండుటాకు ఎంత వచ్చినదో వ్రాసికొని, గుప్పెడాకును పరీక్షకు పంపి, సారమెంతో తెలిసికొని, అటుపిమ్మట సాగును పెంచుటయో మానుటయో నిర్ణయించుకొనవలెను. ఆ రెండుగుంటల ఖర్చు పోయినను రైతునకు లోటు రాదు. తెలియక వేసిన పదియెకరములు పోయినచో, ఆ యేటి గింజలును మరుసటియేటి విత్తనపు రూకలును కూడ పోవును.